సూది పట్టిన చెయ్యి

ఆదిశేషయ్య కాలి బొటనవేలి కింద వేసవిలో పడిన పుండు తొలకరి వచ్చినా మానలేదు.

పామర్రు పక్కన నేతవాళ్ళ ఊరు ఆయనది. ఊళ్ళో పాతిక మగ్గాలకు నూలిచ్చి నేయించి, ఆ పంచెలూ చీరలూ పామర్రులో కొట్టు పెట్టి అమ్మేవాడు. మాట కరుకు, మనిషి నిజాయితీపరుడు. పుండుకు మొదట పసర్లు కట్టాడు. తర్వాత ఎవరో ఇచ్చిన పొడి అద్దాడు. వాసన రావడం మొదలయ్యాక గాని భార్య హనుమాయమ్మ మాట చెవికెక్కలేదు. ఇద్దరూ బొగ్గుతో నడిచే బస్సెక్కి బెజవాడ వచ్చారు. యుద్ధం ఆగి ఏడాది కావస్తున్నా పెట్రోలు ఇంకా సరిగా దొరకడం లేదు. ఉయ్యూరు దాటాక ఆ బస్సు రెండుసార్లు ఆగింది.

గవర్నరుపేటలో వెంకటకృష్ణారావు డాక్టరుగారి ఆసుపత్రిలో మంచాలుండవు. పొద్దున్నే వచ్చి, చూపించుకుని, మందు తీసుకుని ఎవరింటికి వాళ్ళు పోవలసిందే. వరండాలో బల్లలు, లోపల డాక్టరుగారి గది, దాని పక్కన కట్లు కట్టే గది. ఆ గది అమలమ్మది. గుణదల మనిషి. గుంటూరులో నర్సు చదువు చదివి వచ్చి, ఏళ్ళ తరబడి అక్కడే పుండ్లు కడుగుతూ, సూదులు ఉడకబెడుతూ, ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెడుతూ ఉంది. రోజూ ఎంతోమంది వస్తారు. గడప దాటాక వాళ్ళేమయ్యారో చాలాసార్లు తెలియదు. నయమైనవాడు మళ్ళీ రాడు. నయం కానివాడూ ఒక్కోసారి రాడు. సాయంత్రం గది కడుగుతున్నప్పుడు ఆమెకు ఎవరో ఒకరు గుర్తొచ్చి, ఏమయ్యారో అనుకునేది.

అమలమ్మ ఆదిశేషయ్య కాలి గుడ్డ విప్పి, పుండు కడిగి, చుట్టూ చచ్చిన చర్మాన్ని కత్తెరతో తీసింది. ఆయన తాపీగా వరండాలోకి చూస్తున్నాడు.

"నొప్పిగా లేదాండీ?"

"నొప్పా? అబ్బే."

ఆమె చెయ్యి ఆగింది. ఇంత పుండుకు నొప్పి తెలియకపోవడం మంచి సంగతి కాదు.

"దాహం ఎక్కువగా వేస్తోందా?"

"ఎండలకి దాహం ఎవరికెయ్యదమ్మా? నువ్వు పుండు సంగతి చూడు."

గుమ్మం దగ్గర నిలబడ్డ హనుమాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా అంది. "రాత్రుళ్ళు చెంబులకి చెంబులు తాగుతున్నారమ్మా. దొడ్లో ఆయన కూచున్న చోట చీమలు పడతన్నాయి."

"ఎక్కడేం మాట్లాడాలో తెలీదా నీకు!" అని ఆదిశేషయ్య కసిరాడు.

అమలమ్మ మాత్రం వెంటనే లేచి డాక్టరుగారికి చెప్పింది. గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఆయన మూత్రం నాలుగు చుక్కలు కలిపి దీపం మీద కాచారు. నీలం పచ్చబడింది, పచ్చ పసుపైంది, చూస్తుండగానే ఇటిక రంగు తిరిగింది.

"మధుమేహం," అన్నారు డాక్టరుగారు. "రోజూ పొద్దున అన్నానికి ముందు ఇన్సులిన్ సూది వేసుకోవాలి. లేకపోతే పుండు మానదు. పుండు మానకపోతే కాలు దక్కదు."

"ఎన్నాళ్ళండీ?"

"ఎప్పటికీ."

ఆదిశేషయ్య కండువా దులుపుకుని లేచాడు. ఆ రాత్రి కొత్తపేటలో చుట్టాలింట్లో దిగి, మర్నాటి నుంచి రోజూ రిక్షాలో రావడం మొదలుపెట్టాడు.

కొట్లో కూర్చుంటే పదిమందిని గదమాయించే మనిషి సూదిని చూస్తే చిన్నపిల్లాడైపోయేవాడు. "డాక్టరుగారే వెయ్యాలి, ఆడాళ్ళ చేత్తో వద్దు," అని మొదటి రోజు పట్టుబట్టాడు. డాక్టరుగారు నవ్వి, "నాకంటే అమలమ్మ చెయ్యే మెత్తన," అని వెళ్ళిపోయారు. సూది వేసేటప్పుడల్లా ఆదిశేషయ్య మొహం గోడవైపు తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, "శివశివా" అనుకునేవాడు. సూది తీసేశాక కూడా కాసేపు కళ్ళు తెరిచేవాడు కాదు. హనుమాయమ్మ గుమ్మం దగ్గరే నిలబడి అమలమ్మ చేతులకేసి చూస్తూ ఉండేది. సూది ఎలా ఉడికిస్తోంది, బుడ్డి ఎలా బోర్లిస్తోంది, చర్మాన్ని ఎలా పట్టుకుంటోంది అన్నీ చూసేది. ఒక్క మాటా అడిగేది కాదు.

పుండు ఎర్రబడింది. వాసన పోయింది. అమలమ్మకు ధైర్యం వచ్చింది. అప్పుడే ఊరినుంచి ఆయన తమ్ముడు చౌడయ్య వచ్చాడు. సర్కారు ఇచ్చే కంట్రోలు నూలు కోటా విడుదలైందనీ, అన్న వచ్చి నిలబడితే గాని బేళ్ళు తమ ఊరికి రావనీ, మగ్గాలన్నీ ఊరికే ఉన్నాయనీ చెప్పాడు.

"రేపు బయల్దేరతాం," అన్నాడు ఆదిశేషయ్య.

"మరి ఇంజక్షనో?" అంది అమలమ్మ.

"పామర్రులో కాంపౌండరు ఉన్నాడుగా."

"ఆయన చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతాడట. ఒకరోజు పొద్దున వస్తాడు, ఒకరోజు మధ్యాహ్నం వస్తాడు. మీరు అన్నం తినే వేళకి రోజూ ఎవరుంటారండీ? ఇంట్లో వాళ్ళెవరైనా నేర్చుకోవాలి."

ఆదిశేషయ్య తమ్ముడివైపు చూశాడు. చౌడయ్య నిలువెత్తు మనిషి. నూలు బస్తా ఒంటి చేత్తో ఎత్తుతాడు. "దాందేముందిలే, నేర్చుకుంటా," అని ముందుకొచ్చాడు. అమలమ్మ సిరంజి చేతికిచ్చి, అన్న భుజం పట్టుకోమంది. చౌడయ్య సూది మొనవైపు చూశాడు, అన్న మొహంవైపు చూశాడు. నుదుటిన చెమట పట్టింది. సిరంజి జాగ్రత్తగా పళ్ళెంలో పెట్టి, గోడకి ఆనుకుని నెమ్మదిగా నేలమీద కూలబడ్డాడు. అమలమ్మ మొహాన నీళ్ళు చల్లి, వరండాలో పడుకోబెట్టింది.

లోపలికొచ్చి చేతులు కడుక్కుంటూ హనుమాయమ్మను పిలిచింది. "మీరు నేర్చుకోండమ్మా."

హనుమాయమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "నేనా! నావల్ల కాదమ్మా."

"రోజూ చూస్తూనే ఉన్నారుగా. నేనేం చేస్తానో మీకు తెలుసు."

"చూట్టం వేరు. తాళి కట్టిన మనిషి ఒంట్లో నా చేత్తో సూది గుచ్చటవా? అదేదన్నా వికటిస్తే ఊరంతా నన్నేవంటది? నాకు నేనేం చెప్పుకోను?"

"వినబడిందా నర్సమ్మా?" అన్నాడు ఆదిశేషయ్య. "కాల్లో ముల్లు తియ్యమంటే ఏడ్చే మనిషది."

ఆ రోజు సూది అమలమ్మే వేసి ఆయన్ను పంపేసింది. కాని హనుమాయమ్మ వెళ్ళకుండా తలుపు దగ్గరే ఆగింది.

"నిజంగా నేర్చుకోకపోతే కాలు పోద్దా అమ్మా?" అనడిగింది.

"ఇంజక్షను మానేస్తే కాలు ఒక్కటే కాదమ్మా, మనిషే దక్కకపోవచ్చు. భయపెట్టడానికి అనడంలేదు. మీకు అబద్ధం చెప్పలేను."

హనుమాయమ్మ తన చేతులకేసి చూసుకుంది. మగ్గం పడుగులో తెగిన పోగులు అతికి అతికి ఆ వేళ్ళ చివర్లు నున్నగా అయ్యాయి.

"సరే. చూపించు," అంది.

మధ్యాహ్నం రోగులు పల్చబడ్డాక అమలమ్మ బజారునుంచి వంకాయలు తెప్పించింది. సిరంజి ఉడికించడం, వేడి ఆరనివ్వడం, బుడ్డి మూతను స్పిరిట్ దూదితో తుడవడం, గాలి బుడగ లేకుండా రెండో పెద్ద గీతదాకా మందు లాగడం ఒక్కొక్కటే చేయించింది. హనుమాయమ్మకు చదువు రాదు గాని, గీత అంటే గీతే. వెంట్రుకవాసి తప్పలేదు. వంకాయలో సూది దించేటప్పుడు చెయ్యి కదల్లేదు. వంకాయ అవతల పెట్టి, "ఇప్పుడు మనిషికి," అని అమలమ్మ తన జాకెట్టు చెయ్యి పైకి మడిచేసరికి మాత్రం హనుమాయమ్మ సూది వెనక్కి లాక్కుంది.

"నీకా! నీకెందుకమ్మా?"

"అందులో ఉన్నది కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళే. నాకేం కాదు. ఇలా చర్మం పైకి పట్టుకోండి. ఏటవాలుగా. ఆలోచించకండి."

హనుమాయమ్మ పెదవి కొరుక్కుని గుచ్చింది. ఉప్పునీళ్ళు నెట్టింది. సూది తీసి, దూది అద్ది, అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

"నొప్పెట్టిందా?"

"చీమ కుట్టినంత."

"నిజం చెప్పు."

"కాస్త ఎక్కువ లోతుకు పోయింది. రెండోసారి అంత నెట్టరు."

హనుమాయమ్మ ఇంకో సూది అడిగి తీసుకుని, అమలమ్మ వద్దనే లోపు, తన తొడమీద తనే గుచ్చుకుంది. "ఆయనకెంత నొప్పో నాకు తెలియొద్దూ?" అంది. తర్వాత నవ్వింది. అమలమ్మ ఆమె నవ్వగా చూడటం అదే మొదటిసారి.

మర్నాడు ఆదిశేషయ్య ఎప్పటిలాగే గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. అమలమ్మ పక్కకు తప్పుకుంది. హనుమాయమ్మ వచ్చి సూది వేసి, దూది అద్ది, వెనక్కి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఇంకా వెయ్యలేదేం నర్సమ్మా?" అన్నాడాయన కళ్ళు తెరవకుండా.

"అయిపోయిందండీ. వేసింది నేను కాదు."

ఆయన కళ్ళు తెరిచి భార్యకేసి చూశాడు. చొక్కా చెయ్యి దించుకుని, "బస్సు వేళవుతోంది, పదండి," అన్నాడు.

వెళ్ళేముందు అమలమ్మ హనుమాయమ్మను కూర్చోబెట్టి అన్నీ మళ్ళీ చెప్పింది. మందు బుడ్డి ఎండ తగలకుండా కొత్త కుండలో తడి ఇసుక పోసి అందులో పెట్టాలి. పుండు రోజూ కడిగి కట్టు మార్చాలి. బురదలో కాలు పెట్టనివ్వకూడదు. పొద్దున్నే నీలం మందుతో పరీక్ష చెయ్యాలి; నీలం మారకపోతే చక్కెర లేనట్టు, ఇటిక రంగైతే బాగా ఎక్కువున్నట్టు.

"రంగేదో రాసిపెట్టండి. మళ్ళీ వచ్చినప్పుడు డాక్టరుగారు చూస్తారు."

"రాత నాకేడదమ్మా?"

అమలమ్మ ఆమె చీర అంచు రంగులకేసి చూసింది. "మీ ఇంట్లో అన్ని రంగుల నూలూ ఉంటుందిగా. ఏ రోజు ఏ రంగొస్తే ఆ రంగు పోగు ఒకటి దారానికి ముడెయ్యండి. చాలు." అని, గొంతు తగ్గించింది. "ఇది మాత్రం మర్చిపోకండి. సూది వేశాక ఆయన అన్నం తినాల్సిందే. తినకపోతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, ఊరికే కోపం వస్తుంది."

"కోపం రోజూ వచ్చేదేగా. ఎట్టా తెలుస్తది?"

ఇద్దరూ నవ్వారు.

"మీకు తెలుస్తుంది. వెంటనే బెల్లం నీళ్ళు పట్టండి. మింగలేని స్థితిలో ఉంటే నీళ్ళు పొయ్యకండి, పొరబోతుంది. మెత్తటి బెల్లం చెంప లోపల రాయండి."

వాళ్ళు వెళ్ళిపోయారు. డాక్టరుగారు మళ్ళీ రమ్మన్న గడువు దాటిపోయింది. ముసురు పట్టింది. బందరు రోడ్డు మీద అక్కడక్కడా నీళ్ళు పారుతున్నాయనీ, బస్సులు ఉయ్యూరుదాకే పోతున్నాయనీ జనం చెప్పుకుంటున్నారు. అమలమ్మ రోజూ పొద్దున బల్లలమీద కూర్చున్నవాళ్ళకేసి ఒకసారి చూపు సారించి తలుపు తెరిచేది. తను చెయ్యగలిగింది తను చేసింది. మిగిలింది ఎక్కడో పామర్రు అవతల, ఆమె చూడలేని ఒక వంటింట్లో, ఇంకొకరి చేతుల్లో ఉంది. గుణదలలో ఇంటికి పోయాక తమ్ముడు శౌరయ్య, "ఏంటక్కా, ఉలుకూ పలుకూ లేదు?" అంటే, "ఒకామెకి సూది వెయ్యటం నేర్పాను. ఎలా ఉందో తెలీదు," అంది.

వాన తెరిపిచ్చిన రోజు పొద్దున హనుమాయమ్మ వచ్చింది. ఒక్కతే వచ్చింది. చీర మోకాళ్ళదాకా తడిసి ఉంది. అమలమ్మ చేతిలో కత్తెర పక్కన పెట్టి ఎదురెళ్ళింది.

"ఆయనేరి?"

"ఇంటికాడే ఉన్నారు. రోడ్డంతా బురద. కాలు పెట్టొద్దన్నావుగా, నేనే రావొద్దన్నాను. మందు అయిపోవస్తంది, తీసకపోదామని నేనొచ్చా."

అమలమ్మ ఆమెను లోపల కూర్చోబెట్టి తుడుచుకోవడానికి తువ్వాలిచ్చింది. హనుమాయమ్మ జీవితంలో ఒంటరిగా బస్సెక్కడం అదే మొదలట. కాళ్ళు తుడుచుకుంటూ జరిగింది చెప్పింది.

నూలు బేళ్ళు వచ్చిన రోజు ఆదిశేషయ్య సూది వేయించుకుని పీటమీద కూర్చున్నాడు. విస్తరి ముందు పెట్టేలోగా ఎవరో కేకేశారు, కొట్టుకు నూలు బండి వచ్చిందని. ఆమె వద్దంటున్నా లేచి పామర్రు కొట్టుకు బండి కట్టించుకుని పోయాడు. ఆమె అన్నం మూటకట్టి మరిది చౌడయ్యతో వెనకే పంపింది. కాసేపటికి చౌడయ్య బండి తోలుకుని రొప్పుతూ తిరిగొచ్చాడు. అన్నం తినలేదట. నూలు పంచుతూ పంచుతూ నేతగాళ్ళను నోటికొచ్చినట్టు తిడుతున్నాడట. మూట విసిరికొట్టాడట. జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నారట.

"తిట్లు మామూలేననుకున్నానమ్మా. 'చెమటలు పడుతున్నాయా?' అనడిగా. చొక్కా పిండితే నీళ్ళు కారతన్నాయన్నాడు. ఇక ఆగలా. బెల్లం నీళ్ళు చెంబులో కలిపి, బెల్లం ముద్ద కొంగున కట్టుకుని ఆ బండిలోనే పోయా. మా ఇంటి ఆడాళ్ళం ఎన్నడూ కొట్టు గడప తొక్కలా. ఇంతమంది మగాళ్ళు. నన్ను చూసి ఆయన 'నువ్వెవరు?' అన్నారమ్మా."

ఆమె తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"చెంబు నోటికి పెడితే తోసేశారు. సగం ఒలికిపోయింది. చౌడయ్యని వెనకనించి పట్టుకోమని, బెల్లం వేలికి రాసుకుని చెంపలో రాశా. నా వేలు కొరికారు. అయినా తియ్యలా. కాసేపటికి చప్పరించారు. అప్పుడు చెంబు పడితే గడగడా తాగేశారు. కాస్త తెప్పరిల్లాక, 'నువ్విక్కడికెందుకొచ్చావే?' అన్నారు. అమ్మయ్య, గుర్తుపట్టారనుకున్నా."

అమలమ్మ ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని వేలు చూసింది. పంటి గాటు ఎండి మచ్చ కట్టింది.

"అదికాదు కష్టం," అంది హనుమాయమ్మ. "నడిబజార్లో పరువు తీశానన్నారు. మర్నాడు చెయ్యి ఇవ్వలేదు. చస్తే చస్తాగాని ఆ సూది వద్దన్నారు. బతిమాలాను. ఏడ్చాను. ఉహూ."

"మరి?"

"సాయంత్రం నేతగాళ్ళల్లో పెద్దాయన రామలింగం వచ్చాడు. ఎట్టా ఉందని అడగటానికి. 'ఒరే ఆదిశేషూ, మేం నువ్వు తాగొచ్చావనుకున్నాం. ఇన్నేళ్ళొచ్చి ఇదేం బుద్ధని తిట్టుకున్నాం. మీ ఆవిడొచ్చి బెల్లం పట్టాక గదా జబ్బని తెలిసింది. లేకపోతే ఈ మాట ఊరంతా పాకిపోయేది,' అన్నాడు. తెల్లారి నేను నీళ్ళు కాస్తుంటే ఆయనే వచ్చి పీటమీద కూచుని చొక్కా చెయ్యి పైకి లాక్కున్నారు."

డాక్టరుగారు గదిలోకి వచ్చారు. హనుమాయమ్మ లేచి నిలబడి, మూటలోంచి దారం తీసి ఇచ్చింది. ముడి పక్కన ముడి, రంగు పోగులు. మొదట్లో ఇటిక రంగు, తర్వాత పసుపు, ఆకుపచ్చ, చివర చాలావరకు నీలమే. డాక్టరుగారు కిటికీ దగ్గరికి పోయి వెలుతుర్లో చూశారు. కొట్లో జరిగిన సంగతి కూడా విని, "మోతాదు కొంచెం తగ్గిద్దాం," అన్నారు. సిరంజి మీద కొత్త గీత ఏదో అమలమ్మ చూపించింది. హనుమాయమ్మ రెండుసార్లు లాగి చూపించింది. మందు తీసుకుని, తడి గుడ్డలో చుట్టుకుని, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది.

దసరా వెళ్ళాక ఇద్దరూ కలిసి వచ్చారు. ఆదిశేషయ్య కాస్త ఒళ్ళు చేశాడు. కాలికి కట్టు లేదు. పుండు మానిన చోట లేత చర్మం మెరుస్తోంది. అమలమ్మ కాలు పైకెత్తి, వేళ్ళ సందులు కూడా చూసి, "చాలా బాగుందండీ. చెప్పుల్లేకుండా నడవకండి," అంది.

ఊరినుంచి తెల్లవారకముందే బయల్దేరారు గనక ఆ పూట సూది ఇంకా పడలేదు. అమలమ్మ సిరంజి ఉడికించి తెచ్చింది.

ఆదిశేషయ్య ఇబ్బందిగా కదిలాడు. "ఏమీ అనుకోకు నర్సమ్మా. అది వేస్తదిలే."

"నా చెయ్యి నొప్పా?"

"నొప్పని కాదు. అలవాటు."

అమలమ్మ పళ్ళెం హనుమాయమ్మ చేతికిచ్చి గోడవారకు తప్పుకుంది. రోజూ పామర్రు అవతల ఆ ఇంట్లో జరిగేదేమిటో అప్పుడు కళ్ళారా చూసింది. ఆయన గోడవైపు తిరగలేదు. కళ్ళూ మూసుకోలేదు. భుజం ఆమెకిచ్చి, "చౌడిగాడు ఆ అద్దకం వాడికి కబురు చేశాడంటావా?" అని అడుగుతున్నాడు. ఆమె బుడ్డి బోర్లించి మందు లాగుతూ, "చేశాడు. మీరు కదలకండి," అంటోంది. మాటల మధ్యలోనే సూది దిగింది, వచ్చేసింది. ఆమె దూది అద్దింది. ఆయన అద్దకం సంగతి చెబుతూనే ఉన్నాడు.

"ముందు అన్నం," అంది హనుమాయమ్మ. వరండాలో ఖాళీ బల్లమీద క్యారియరు విప్పింది. గోంగూర పచ్చడి వాసన గదిదాకా వచ్చింది. ఆదిశేషయ్య ముద్ద కలుపుతూ లోపలికి తొంగి చూసి కేకేశాడు.

"నర్సమ్మా, నువ్వు తిన్నావా?"

"ఇంకా లేదండీ. జనం ఉన్నారు."

"జనం ఎప్పుడూ ఉంటారు. ఏమే, అమ్మాయికి కూడా పెట్టు."

హనుమాయమ్మ అప్పటికే విడిగా ఒక గిన్నెలో తీసిపెట్టింది. అమలమ్మ చేతులు కడుక్కుని వచ్చి, వరండా చివర ఆమె పక్కన కూర్చుంది. మిగతా బల్లలమీద ఇంకా నలుగురైదుగురు రోగులు ఉన్నారు. వాళ్ళకు కాస్త ఆగమని చెప్పి, ఆ పూట మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.